రేకు కింద సుద్ద

కార్తీకమాసం వానల్లో మద్రాసు షావుకారుపేటలో ఒక పాత ఇంటి పూజగది ఖాళీ చేస్తూ గోడకున్న పెద్ద పటాన్ని దించారు. రామపట్టాభిషేకం, బంగారు రేకు అద్దిన తంజావూరు పటం. మూడడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు, ఇద్దరు పడితే గాని లేవని పనసచెక్క. కింది మూలన జానెడు మేర బంగారు రేకు లేచిపోయి లోపలి సుద్ద తెల్లగా బయటపడింది. వెనక కొట్టిన పలక ఊడదీయగానే గుప్పుమని వాసన. చింతగింజల జిగురు, పాత గుడ్డ, కర్పూరం, దీపం మసి, అన్నీ కలిసి ముగ్గిపోయిన వాసన. ఆ ఒక్క వాసన చాలు, చూలై సందులో ఉండిన పటాల కొట్టు మొత్తం గుర్తుకు రావడానికి.

పొడుగాటి పెంకుటిల్లు. ముందు తిన్నె, మధ్యలో వాన పడే హజారం, దాని చుట్టూ పని. పెద్దమేస్త్రిది తంజావూరు వైపు నుంచి వచ్చిన రాజు కులస్థుల కుటుంబం. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం చెదిరిపోయి, పటాలు రాసేవాళ్లు దక్షిణాదికి దిగారని చెబుతారు. తంజావూరును ఏలిన నాయకరాజులు తెలుగువాళ్లు, తర్వాత మరాఠీలు. మరాఠా రాజు రెండో శరభోజి కాలానికి, అంటే 1798 నుంచి 1832 వరకు, ఈ పని బాగా పండింది. తంజావూరు, తిరుచ్చి వైపు రాజులు, మదురై వైపు నాయుళ్లు: పటాల పని చేసిన కుటుంబాల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు. ఆ కొట్లోనూ అంతే. లెక్కలు అరవంలో, తిట్లు తెలుగులో.

చింతగింజలు

బంగారం పని చేసే చోట తెల్లవారగానే బంగారం కనబడుతుందనుకుని వచ్చినవాళ్లు తెల్లమొహం వేసేవాళ్లు. అక్కడ పొద్దు మొదలయ్యేది చింతగింజలతో. ఇనప మూకుట్లో ఇసక పోసి గింజలు వేయిస్తే టపటపమని పైతొక్క చిట్లేది. రోట్లో పోసి దంచి, చేటతో చెరిగి, మిగిలిన తెల్లపప్పును రాత్రంతా నానేసి, మర్నాడు రుబ్బురోట్లో వెన్నలా రుబ్బాలి. ఆ ముద్ద ఒక వంతుకు నీళ్లు ఎనిమిది నుంచి పది వంతులు. సన్నమంట మీద కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, అడుగంటి గడ్డలు కడుతుంది. ఆ గడ్డలే రేపు గుడ్డ కింద బొడిపెలు. తెల్లదనం పోయి గంజిలా నిగనిగలాడాక పలచటి గుడ్డలో వడగట్టి, చిటికెడు మైలుతుత్తం వేసేవాళ్లు. అది మరిచిపోతే పటాన్ని బొద్దింకలకు విందు పెట్టినట్టే. మోతాదు మించితే నీలిమరక సుద్దలోంచి పైకి ఊరుతుంది.

గుడ్డకు కొత్త బట్ట పనికిరాదు, అందులో గంజి ఉంటుంది. నాలుగైదుసార్లు ఉతికిన పంచె అయితే చెక్కను కరుచుకుంటుంది. చెక్క మీద జిగురు రాసి, తడి గుడ్డ పరిచి, మధ్యలోంచి అంచులకు అరచేత్తో నెట్టుకుంటూ పోవాలి. ఆరాక పెద్దమేస్త్రి వచ్చి పటమంతా గోటితో తట్టేవాడు. టక్ టక్ టక్ అని వెళ్తూ వెళ్తూ ఒకచోట ‘డొబ్’ అనేది. అక్కడ గాలి చిక్కిందన్నమాట. సున్నపుముక్కతో గుండ్రం గీసి వెళ్లిపోయేవాడు. గీసిన చోట కత్తితో చీరి, మళ్లీ జిగురు ఎక్కించి నొక్కాలి. వదిలేస్తే రెండేళ్లకో ఇరవై ఏళ్లకో సరిగ్గా అక్కడే పగులుతుంది. షావుకారుపేట పటంలో లేచిన మూల కూడా తట్టి చూస్తే డొల్లే.

సుద్ద, జిగురు, మక్కు

సుద్దపొడి, తుమ్మజిగురు పార్క్ టౌన్‌లో రాసప్పచెట్టి వీధి నాటుమందుల కొట్లలో దొరికేవి. జిగురు గడ్డల్లో తేనెరంగువి ఏరుకోవాలి. నల్లగా, మట్టిరంగులో ఉన్నవి చవక, కాని వాటి మరక రేకు పక్కన గోధుమరంగులో తేలుతుంది. ఒక వంతు జిగురుకు రెండు వంతుల నీళ్లు. పొయ్యెక్కించకుండా రాత్రంతా నానితే దానంతటదే కరుగుతుంది. వడగట్టి, పులిసిపోకుండా రెండు లవంగాలు వేస్తే ఆ సీసా మూతలోంచి పాన్ డబ్బా వాసన వచ్చేది.

ఇక సుద్ద కలపడం. జిగురునీళ్లలో సుద్దను కొంచెం కొంచెంగా చల్లి, దానంతటది మునిగేదాకా ఆగాలి. కవ్వం వేసి చిలికితే బుడగలు పుడతాయి. బుడగ ఆరాక సూదిబెజ్జం అవుతుంది, సూదిబెజ్జం మీద రేకు వేస్తే పటం మొహాన అమ్మవారు పోసినట్టు గుంటలు తేలతాయి. బంగారు రేకు ఏ లోపాన్నీ కప్పదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. తెల్లటి సుద్ద మీద కంటికి ఆనని ఇసకరేణువు రేకు పడ్డాక పది అడుగుల దూరం నుంచి తెలుస్తుంది. ఆ కొట్లో పనిలో ముప్పావు పాలు సుద్ద మీదే గడవడానికి కారణం అదే.

పూతలు ఐదారు. ఒకటి నిలువుగా, తర్వాతది అడ్డంగా. మొదటి పూతలో జిగురు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. ఇది తలకిందులైతే చిక్కే. జిగురు ఎక్కువున్న పూత ఆరేటప్పుడు గట్టిగా ముడుచుకుంటుంది. కింద బలహీనమైన పూత ఉంటే దాన్ని పెకలించుకుని లేస్తుంది. జిగురు మరీ తగ్గితే వేలు రాస్తే పొడి రాలుతుంది. ప్రతి పూతా నీడనే ఆరాలి. మద్రాసులో ఇది మాటలా? మే నెల కత్తిరి ఎండల్లో హజారంలో పెడితే గంటకే నూలుపోగుల్లాంటి పగుళ్లు. కార్తీకం వానల్లో మూడురోజులైనా చెమ్మ వదలదు, నాలుగోనాటికి బూజువాసన. వానాకాలంలో కొత్త పటాలు మొదలుపెట్టకుండా రంగులు, గీతల పనే చేసేవాళ్లు. పూతలన్నీ అయ్యాక సన్న ఉప్పుకాగితం, ఆ తర్వాత గవ్వ వీపుతో రుద్దడం. కోడిగుడ్డు పెంకులా నునుపు తేలేదాకా గరగరమని చప్పుడు, మధ్యాహ్నం నిద్రపోయేవాళ్లకు జోలపాటలాగా.

కిరీటం, మండపం స్తంభాలు, నగలు ఉబ్బెత్తుగా నిలబెట్టే ముద్దను అరవంలో మక్కు అంటారు, కొట్లోనూ అదే మాట. సన్నసుద్ద, చిక్కటి జిగురు. పదును చూడటానికి కుంచె మొనతో పలక మీద చుక్క పెట్టేవాళ్లు. చుక్క మిరియం గింజలా గుండ్రంగా నిలబడాలి. తోక వస్తే గట్టిదనం ఎక్కువ, చదునైపోతే నీళ్లెక్కువ. ఇప్పుడు గోరింటాకు కోన్‌లో పోసి పిండుతున్నారు, ముత్యాల వరసలు టకటకా అయిపోతాయి. అప్పుడు ఉడత వెంట్రుకల కుంచెతో చుక్క మీద చుక్క. ఎత్తు కావాలంటే ఒక్కసారే పోయకూడదు. వడ్లగింజ మందం వేసి, ఆరనిచ్చి, మళ్లీ వడ్లగింజ మందం. ఒకేసారి పోస్తే పైపొర ఆరి గట్టిపడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అది ముడుచుకున్నప్పుడు నడుమ నెర్రె పడుతుంది. రాళ్లు మక్కు పచ్చిగా ఉండగానే మూడోవంతు కూరుకుపోయేలా నొక్కాలి. ఆరాక జిగురుతో అతికించిన రాళ్లు నాలుగు దసరాలు దాటవు.

రేకు వచ్చిన రోజు

రేకు జైపూరు నుంచి వచ్చేది. షావుకారుపేట వ్యాపారి చిన్న కాగితాల పుస్తకంలా కట్టి ఇచ్చేవాడు, ప్రతి రెండు కాగితాల మధ్యా ఒక రేకు. హైదరాబాదు చార్మినార్ దగ్గర వెండి వరక్ కొట్టేవాళ్ల సుత్తి చప్పుడు విన్నవాళ్లకు ఇది ఎలా తయారవుతుందో చెప్పనక్కర్లేదు. తోలు పొరల మధ్య పెట్టి గంటల తరబడి సాగగొట్టడమే. 1968లో వచ్చిన బంగారం నియంత్రణ చట్టం 1990లో రద్దయ్యేదాకా లైసెన్సు లేనివాళ్లు బిళ్ల బంగారం దగ్గర పెట్టుకోవడానికి వీల్లేదు. దాంతో రేకు కోసం పెద్దమేస్త్రి వ్యాపారి గుమ్మం దగ్గరే కాచుకోవలసి వచ్చేది. ఆ రోజుల్లో వాడిన మాటల్లో సగం ఇక్కడ రాయలేం.

సన్నరేకు ఎంత పలచన? మామూలుగా మిల్లీమీటరులో పదివేలవ వంతు. 80 మిల్లీమీటర్ల చదరపు రేకులు వెయ్యి తూస్తే 12 నుంచి 18 గ్రాములు. ఒక గురిగింజ ఎత్తు బంగారంలో ఏడెనిమిది రేకులు వస్తాయన్నమాట. ఒక సవరన్‌లో అయిదారు వందలు. ఆ రేకును కిటికీకి అడ్డం పెట్టి చూస్తే సూర్యుడు పచ్చగా, లేత అరిటాకులోంచి చూసినట్టు కనబడతాడు. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లకు పెద్దమేస్త్రి చూపించే మొదటి వింత అదే. పటాలకు వేసేది మాత్రం ఇంతకంటే మందమైన 22 క్యారెట్ల రేకు. కాగితంతో సహా కత్తిరించుకోవచ్చు, ఉబ్బెత్తు పని మీద తొందరగా చిరగదు. మైసూరు పటాలవాళ్ల ఉబ్బెత్తు బాగా తక్కువ, కాబట్టి వాళ్లు సన్నరేకుతోనే నెగ్గుకొస్తారు.

రేకు వేసే రోజు నేల తడిపి దుమ్ము అణచి, తలుపులు మూసి, ఫ్యాన్ ఆపేవాళ్లు. మే నెలైనా సరే. వక్కాకు ఉమ్మేసి రావాలి, పొడుం డబ్బీ గుమ్మం బయటే వదలాలి. ఎవడైనా తుమ్మాడా, "పోరా బైటికి! నీ తుమ్ముకు ఒక కిరీటం ఎగిరిపోయింది" అని కేక. తర్వాత మళ్లీ నిశ్శబ్దం. వీధిలో పూలమ్మి అరుపు, దూరంగా మింట్ వీధి రిక్షా గంటలు, అంతే.

జిగురునీళ్లు ఈసారి పలచన. కుంచెతో మక్కు మీద రాసి ఆగాలి. ఎంతసేపంటే గడియారం చెప్పలేదు. వేలి కణుపు ఆనిస్తే పట్టుకుని వదలాలి, తడి అంటకూడదు. తొందరపడితే రేకు నీళ్ల మీద ఆకులా ఈదుతుంది, జిగురు దాని సందుల్లోంచి పైకి ఊరి, ఆరాక గోధుమరంగు మచ్చ. అలాంటి రేకు చచ్చిందనేవాళ్లు, ఎంత రుద్దినా వెలగదు. ఆలస్యమైతే అక్కడక్కడ పట్టదు. అప్పుడు నోరు దగ్గర పెట్టి ‘హా’ అని వెచ్చటి ఊపిరి వదిలితే జిగురు మళ్లీ మేల్కొంటుంది. పెద్దమేస్త్రి కుంచె కంటే నోటితో చేసిన పని ఎక్కువ.

పట్టాక దూదితో అద్దడం, ఆ తర్వాత మొన అరగదీసిన పుల్లతో ముత్యాల మధ్య గాళ్లలోకి నొక్కడం. రేకుకు రేకుకు మధ్య రెండు నూలుపోగుల మేర ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, లేదంటే ఆరాక తెల్లగీత. రాళ్ల చుట్టూ సూదిమొనతో గీసి తీసేయాలి. వేళ్లకు నూనె, చెమట ఉండకూడదు, ముట్టిన చోట రేకు అంటదు. అసలు బంగారం మీద వార్నిష్ పూస్తే కాంతి మొద్దుబారుతుంది. వార్నిష్ అవసరమయ్యేది ఇత్తడి రేకుకు, గాలి తగిలి నల్లబడకుండా. అసలుకూ నకిలీకీ తేడా కావాలంటే చిన్న తునక రెండు వేళ్ల మధ్య నలపాలి. అసలు సన్నరేకు చర్మంలో కలిసిపోయి మాయమవుతుంది. ఇత్తడిది పొట్టులా తునకలై మిగులుతుంది. దాన్ని కాకిబంగారమని కసిరేవాళ్లు. సినిమావాళ్ల కిరీటాలకు అదే చాలు, వాటి ఆయుష్షు షూటింగు అయిపోయేదాకా.

రోజు చివర నేల ఊడ్చిన దుమ్ము, అద్దిన దూది, కుంచెలు కడిగిన నీళ్ల అడుగు, అన్నీ ఒక తగరపు డబ్బాలోకి. ఏడాదికోసారి దూది కాల్చి బూడిద చేసి, జలగడిగేవాళ్లు వస్తే బేరం. వాళ్లు బేసిన్లో ఆ మట్టిని తిప్పి తిప్పి కడిగి రజను తేల్చుకునేవాళ్లు. ఆ డబ్బు పనివాళ్లది, దీపావళికి. యజమానికి అందులో వాటా లేదు, అది ఆ కొట్టు కట్టుబాటు.

పాదరసం కొట్టు

వీధి చివర కలశాలకు బంగారు మొలాము వేసే కొట్టు ఉండేది. అక్కడికి పిల్లల్ని పోనిచ్చేవాళ్లు కాదు. రాగి కలశాన్ని చింతపండుతో తోమి, ఆమ్లంలో ముంచి తీసి, కుంకుడునీళ్లతో కడిగేవాళ్లు. ఒక వంతు బంగారపు తునకలకు ఆరు నుంచి ఎనిమిది వంతుల పాదరసం కలిపి వేడి చేస్తే వెన్నలాంటి ముద్ద వస్తుంది. తోలుముక్కలో మూటకట్టి పిండి, ఎక్కువైన పాదరసం తీసేసి, ఆ ముద్దను కలశానికి రుద్ది, బొగ్గుల మంట మీద తిప్పాలి. 357 డిగ్రీల దగ్గర పాదరసం మరుగుతుంది. మంట మీద ఆవిరై పోయాక పసుపుముద్దలా కాంతిలేని పొర మిగులుతుంది. దాన్ని అకీకు రాయితో, కుంకుడునీళ్లు తడుపుతూ రుద్దితే గాని మెరవదు. రాగిలోకి ఇంకిన ఆ పూత వానకూ ఎండకూ తరాల తరబడి నిలుస్తుంది. ఇప్పటి కరెంటు పూతలు మైక్రాన్ల లెక్కన వేసేవి. డబ్బు తగ్గించుకుంటే మందమూ తగ్గుతుంది.

కాని ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. అందుకే ఎవరూ భయపడలేదు. ఆ కొట్లో పెద్దాయన కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నా తొణికేది, చిగుళ్లు వాచి రక్తం కారేవి. వయసు మీద పడిందనుకున్నారు. యాభై దాటలేదు.

దీపం వెలుగు

పటాల్లో దేవుడి ఒంటికి రంగే వేస్తారు. బంగారం కిరీటానికి, నగలకు, పట్టుబట్టల అంచులకు, సింహాసనానికి, మండపానికి. వెన్నకృష్ణుడి బుగ్గలు నున్నగా, ఒంటి మీద నగలు ఉబ్బెత్తుగా. ఎగ్మూర్ మ్యూజియంలో పాత పటాలు చూడండి, అదే కట్టుబాటు. అంత ఉబ్బెత్తు ఎందుకో పగటిపూట అర్థం కాదు. ట్యూబ్‌లైటు కింద అయితే రేకంతా ఒకే చదునుగా, మిఠాయి డబ్బా మూతలా కనబడుతుంది. నూనెదీపం కింద పెట్టాలి. ఒత్తి మంట ఊగినప్పుడల్లా ఒక ముత్యం వెలిగి పక్కది ఆరుతుంది, స్తంభం ఒకవైపు చీకటై రెండోవైపు ఎర్రబడుతుంది. పెద్దమేస్త్రి పటం అప్పగించే ముందు సాయంత్రం దీపం చేత్తో పట్టుకుని కింది నుంచి పైదాకా తిప్పేవాడు. వెలగని ముత్యం ఉంటే పటం ఆ రాత్రి ఇల్లు కదిలేది కాదు.

దసరాకు ఇల్లు కడిగినట్టే పటాన్నీ తడిగుడ్డతో తుడిచిన ఇల్లాళ్లు ఉండేవాళ్లు. తుమ్మజిగురు నీళ్లకు కరుగుతుంది, రేకు గుడ్డకు వచ్చేస్తుంది. ఒకావిడ పటంతోపాటు ఆ గుడ్డను కూడా మడిచి తెచ్చింది, బంగారమంతా అందులోనే ఉంది కదా అని. పెద్దమేస్త్రి నవ్వలేదు. గుడ్డను ఆ తగరపు డబ్బాలో వేసి, కూలిలో అంత తగ్గించాడు.

మళ్లీ షావుకారుపేట

ఇప్పుడా పటం సంగతి. లేచిన మూల డొల్లంతా కత్తితో తీసేయాలి, పాత గుడ్డ అంచులు పలచగా గీకాలి. చింతగింజల జిగురుతో కొత్త గుడ్డముక్క, దాని మీద నాలుగు పూతల సుద్ద. మండపం అంచు మీద పోయిన ముత్యాలు పదకొండు, వాటికి మక్కు. పాత మక్కు చుక్కకు చిన్న తోక ఉంది, ఆ రాసినవాడి చెయ్యి అది. కొత్త చుక్కలకూ అంతే పదును పెట్టాలి. రేకు ఒకటిన్నర సరిపోతుంది. కొత్త రేకు పక్కనున్న పాతదానికంటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దాన్ని ఇటుకపొడితో రుద్ది పాతదనం తెప్పించే పద్ధతి ఉంది గాని, దీపం పొగకు ఆరేడేళ్లలో దానంతటదే కలిసిపోతుంది. పాత రేకు మీది మసి పొడి కుంచెతో దులిపితే చాలు.

ఇంటివాళ్లకు మార్గశిరంలో పెళ్లి ఉంది, అప్పటికి పటం గోడ మీద ఉండాలని పట్టు. వేలు ఆనించి చూస్తే చెక్క ఇంకా చెమ్మగానే ఉంది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, పైన పలచటి పంచె కప్పి, సంక్రాంతి ఎండ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి రావలసి వచ్చింది.